వాము వాసన

మా ఆయన చనిపోయిన ఏడు, వానాకాలంలో మా ఆకుతోటకు మచ్చతెగులు తగిలింది. మంగళగిరి దాటాక కాలువ పక్కన అరెకరం తమలపాకు తోట మాది. అవిసె చెట్ల మీదికి తీగలు ఆయన చేత్తో పాకించినవే. ఆకు మీద నల్లమచ్చ పడడం, చుట్టూ పసుపు తిరిగి రాలిపోవడం. మా బావగారు గట్టు మీద నిలబడి చూసి, "దసరాలోపు ఆగకపోతే పీకించేసి చెరుకు వేద్దామమ్మాయ్" అన్నారు. మైలుతుత్తం కొట్టమన్నవాళ్ళూ ఉన్నారు. నోట్లో వేసుకునే ఆకు మీద నీలం మరకలుంటే బెజవాడలో ఎవరు దించుకుంటారు?

వానలకి మా వంటింట్లో అన్నిటికీ బూజు పట్టేది. కడుపునొప్పికి వాము ఆవిరి పట్టి అర్కు దించే గిన్నెకు కట్టే గుడ్డకు మాత్రం పట్టేది కాదు. అది గుర్తొచ్చి, వాము ఉడకబెట్టి ఆవిరి పట్టి, పైన తేలిన నూనె తీశాను. నీళ్ళలో పోస్తే కలవదే! మొదట చల్లిన నాలుగు తీగలూ మాడిపోయాయి. తర్వాత కుంకుడు పులుసు పోసి గిలక్కొడితే పాలలాగా కలిసింది. చెప్పులు గట్టున విడిచి, వేపమండతో తోటంతా నేనే చల్లాను. కొత్త ఆకుకు మచ్చ రాలేదు.

కానీ బెజవాడ పంపిన బుట్ట తిరిగొచ్చింది. "కిళ్ళీ వేసుకుంటే కడుపునొప్పి మందు తాగినట్టుందంటండీ" అన్నాడు బండతను. నవ్వొచ్చింది. పంచుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.

రెండు పెద్ద వానలు కురిశాయి. ఆకులో వాసన పోయిందో లేదో నాకెలా తెలుస్తుంది? నా చేతులూ కొంగూ అదే వాసన. ఇదివరకు కోతకు ముందు ఆయన ఒక ఆకు నమిలి చెప్పేవారు. బావగారిని నమలమందామా, బాగోలేదన్నారంటే తోట పోయినట్టే. నేను చూద్దామంటే, ఆయన పోయాక తాంబూలం ముట్టకూడదాయె.

కూలీలందరూ భోజనాలకి వెళ్ళాక, కోతకొచ్చిన ఆకు ఒకటి తెంపి, తొడిమ గిల్లి నోట్లో పెట్టుకున్నాను. సున్నం లేదు, వక్క లేదు. ముందు కారం, ఆ వెనక కాస్త తీపి. వాము లేదు. అయినా నములుతూ నిలబడ్డాను.

"బాగుంది, కోయించెయ్" అన్నాను. అది ఆయన మాట. తీగల మధ్య నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

కాలువలో నోరు కడుక్కుని కూలీలను పిలవడానికి వెళ్ళాను. ఈసారి పంపిన బుట్ట తిరిగి రాలేదు. బావగారు మళ్ళీ చెరుకు ఊసెత్తలేదు. అప్పటినుంచి ప్రతి కోతకూ ఆకు నమిలి చూడడం నా పనే, తోటలో ఎవరూ లేనప్పుడు.