కారుకు వెనకద్దం, రోడ్డుకు గాజు పెంకులు

నాయుడుపేటలో దేవుళ్ల పటాలకు అద్దాలు బిగించే దుకాణం నాది. ఈ రోజు పొద్దున ఒక మిల్లు యజమాని తన పాత కారు తెచ్చి నా దుకాణం ముందు ఆపాడు. నిన్నటి గాలికి తాటిమట్ట పడి వెనకద్దం పగిలిందట. మద్రాసు నుంచి తెప్పించే ఓపిక లేక నా దగ్గరికి వచ్చాడు. కొలత తీసి, అద్దం కోసి, బిగించాను.

ఆ కారులోకి ఎవరూ చెప్పులతో ఎక్కకూడదు. నా చేత విప్పించాడు, తనవి కూడా దుకాణం మెట్టు మీదే వదిలాడు. అంత శుభ్రం తెలిసిన మనిషి, పని కాగానే కారులో కూర్చుని రెండు తలుపులూ తీసి, సీటు మీది గాజు పెంకులన్నీ తువ్వాలుతో రెండు పక్కలా రోడ్డు మీదికి విదిలించేశాడు. ఉప్పుబుట్టలు మోసుకుంటూ ఆడవాళ్లు వట్టి కాళ్లతో నడిచే రోడ్డు అది. నాకు ఒళ్లు మండింది.

"అయ్యా, జనం నడిచే తావున పోస్తే ఎట్టా?" అన్నాను.

"చూసుకోని నడిస్తే ఏం గుచ్చుకోదులే సాయిబూ," అన్నాడు.

అని, దిగబోయి కాలు కింద పెట్టబోతూ వెనక్కి తీసుకున్నాడు. "ఆ చెప్పులు ఇట్టా అందియ్యి."

నేను చెప్పులు అందించలేదు, చీపురు అందించాను. అమర్యాద చేశానంటారా?