సోమశిల లాంచీలో అక్కతో

మా అక్కకు వారానికి మూడుసార్లు వనపర్తి దవాఖానలో డయాలసిస్ జరిగేది. రోజు మొత్తానికి అర లీటరుకు మించి నీళ్లు తాగొద్దన్నాడు డాక్టరు. అలాంటి మనిషి ఒకనాడు, "సోమశిల నుంచి శ్రీశైలం దాక లాంచీ పోతదంట. జర నన్ను తీస్కపో చెల్లె" అంది.

గోపాల్‌పేటలో బావకు నాట్ల పని ఉంది. అందుకని నేనే వెంట పోయాను.

శుక్రవారం డయాలసిస్ అయింది, శనివారం పొద్దున లాంచీ ఎక్కాం. రెండు పక్కలా నల్లమల కొండలు, నడుమ నిండుగా కృష్ణ. అక్క సీసా ఒళ్లో పెట్టుకుని, మూతలోకి వంచుకుని పెదాలు తడుపుకునేది. అది చూసి నేనూ నీళ్లు ముట్టలేదు.

"నువ్వెందుకు ఎండుతున్నవ్? తాగు" అని కసిరింది.

మొదట ఒక పాత కోట దగ్గర ఆపారు. ఎక్కాల్సిన మెట్లు చూసి అక్క దిగలేదు, నేనూ దిగలేదు. మధ్యాహ్నం అక్కమహాదేవి గుహల దగ్గర మాత్రం అక్క ఊరుకోలేదు.

"నువ్వన్నా పోయి చూడు. లోపల ఎట్లుందో నాకు చెప్పు."

ఆమెను ఒడ్డున చెట్టు నీడకు కూర్చోబెట్టి పోయాను. గుహలో దారి ఇరుకు, వంగి నడవాలి. కొంత దూరం పోయేసరికి అక్క ఒక్కతే ఉందన్న భయం పట్టుకుంది. వెనక్కి తిరిగి గబగబా దిగొచ్చాను.

అక్క వాచిన పాదాలు ఏట్లో పెట్టుకుని ఏడుస్తోంది. నన్ను చూసి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమైందక్కా?"

"ఏం కాలే. కడుపునిండ నీళ్లు తాగి ఎన్ని దినాలైందో యాదికొచ్చింది."

పక్కన కూర్చున్నాను. "లోపల ఏముంది?" అని అడిగింది.

నేను చూడని శివలింగం గురించి చెప్పాను. దీపం వెలుగుతోందని, బిల్వపత్రి వేసి ఉందని, నోటికొచ్చిందంతా చెప్పాను. అక్క కళ్లు మూసుకుని చేతులు జోడించింది. అప్పుడు నాకు సిగ్గేసింది. అయినా ఆపలేదు.

ఆ వానాకాలంలోనే అక్క పోయింది.

ఇప్పటికీ గోపాల్‌పేట పోతే బావ అడుగుతాడు.

"లాంచీల పోయిన నాడు మీ అక్క మంచిగ ఉండెనా?"

"మంచిగ ఉండె బావా" అంటాను. ఆయన తలూపి, చెప్పులేసుకుని పొలం దిక్కు పోతాడు.