వంకర మూతి

ఆ పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ పక్కనుంచి కారి చొక్కా తడిసింది. అద్దంలో చూస్తే నా మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. ఎడమ కన్ను మూతపడటం లేదు. గుంటూరులో డాక్టరు గారు పరీక్షలు చేసి, పక్షవాతం కాదు, మొహం నరం వాచిందన్నారు. "పూర్తిగా తిరిగొస్తుందాండీ?" అని అడిగాను. "చూద్దాం" అన్నారు. మాత్రలు రాశారు గానీ, ఆ మాటకు మాత్రం మందు రాయలేదు.

నేను బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలొచ్చి ఆ కూడు లాగేసుకున్నాక, కొత్త ఇళ్ళకూ మిరప కల్లాలకూ రేకు మీద దిష్టి బొమ్మలు గీసి బతుకుతున్నాను. మిడిగుడ్లు, కోరలు, వేలాడే నాలుక. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు కదా, ఆ కంటిని తన మీదికి లాక్కోవడమే బొమ్మ పని. మరి బొమ్మను గీసినవాడి సంగతేమిటి? ఇన్నేళ్ళలో ఎన్నడూ రాని భయం ఇప్పుడు పట్టుకుంది. నా ఆవిడ నా చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు ఇల్లంతా దగ్గింది. ఘాటొస్తే దిష్టి లేనట్టే. దిష్టే అయితే బాగుండుననిపించింది, దానికైతే విరుగుడు తెలుసు.

రోజూ అద్దం ముందు కూర్చుని నా మొహం గీసుకునేవాణ్ణి. నిన్నటి కాగితం పక్కన ఇవాళ్టిది పెట్టి, పెదవి వెంట్రుకవాసి కదిలిందా అని వెతికేవాణ్ణి. కదిలేది కాదు. అన్నం కూడా గోడవైపు తిరిగి తినేవాణ్ణి.

ఇంతలో ఒక మిరప రైతు కల్లానికి బొమ్మ కావాలని కబురు పెట్టాడు. ఎప్పటిలాగే గీశాననుకున్నాను. అతనొచ్చేసరికి తుండుగుడ్డ మూతికి అడ్డం పెట్టుకున్నాను.

"ఏందన్నా, పంటి నొప్పా?" అని, జవాబు కోసం ఆగకుండానే రేకు చేతిలోకి తీసుకున్నాడు. "అదిరిందన్నా! మూతి ఎట్టా వంకర తిప్పావో చూడు! ఎవుడి కన్నైనా చచ్చినట్టు దీని మీదే పడుద్ది."

అప్పుడు చూశాను. మూతి నా మూతిలాగే పక్కకు పోయింది. ఒక కన్ను రెప్ప వాల్చలేనట్టుంది. తెలియకుండా నన్నే గీసేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అతను రేకును బండికి కట్టుకుంటుంటే నా ఆవిడ బయటికొచ్చింది. నల్ల రంగు డబ్బాలో వేలు ముంచి, బొమ్మ బుగ్గన చుక్క పెట్టింది.

అతను పగలబడి నవ్వాడు. "ఏంది వదినా, దిష్టి బొమ్మకే దిష్టి చుక్కా?"

"అది మీ అన్న మొహమయ్యా" అంది.

అతని నవ్వు ఆగిపోయింది. నా ఎడమ కన్ను ఎలాగూ వేళాపాళా లేకుండా కారుతూనే ఉంది. ఆ పూట కుడి కన్ను కూడా కారింది.