మొరం మీద తంగేడు

యాదమ్మ పోచంపల్లిలో నూలుకు ముడులు కట్టి రంగులద్దిన మనిషి. ఇప్పుడు చైతన్యపురిలో చీరలకు ఫాల్ కుడుతుంది. ఏటా బతుకమ్మకు దిల్‌సుఖ్‌నగర్ మార్కెట్లో వాడిపోయిన తంగేడు కట్టలు కొనడం ఆమెకు గిట్టలేదు. అందుకే కాలనీ పార్కులో ఓ మూల జాగా అడిగి, విత్తనాలు నాటింది.

పేడ ఎరువేసింది. రోజూ పొద్దున్నే నీళ్లు పోసింది. రెండో వానాకాలానికి మొక్కలు భుజాలెత్తు పెరిగి, ఆకులు నిగనిగలాడాయి. బతుకమ్మ పండుగ వచ్చింది. ఒక్క పువ్వు పూస్తే ఒట్టు.

"ఏమ్మా యాదమ్మగారూ, ఇది పూలతోటా, మేకల మేతా?" అన్నాడు కాలనీ సంఘం అధ్యక్షుడు సాంబమూర్తి. భీమవరం మనిషి, వేళాకోళంలో ఎవరికీ తీసిపోడు. "పై పండక్కి కూడా పూయకపోతే పీకించేసి లాన్ వేయిస్తాను."

"జర ఒక్క ఏడు ఆగుండ్రి సారూ. గప్పటికీ పూయకుంటే నేనే పీకుత."

పండుగ వెళ్లాక చెల్లెలు ప్రసన్నలక్ష్మితో కలిసి ఊరికి బస్సెక్కింది. పెద్ద అంబర్‌పేట్ దాటాక కిటికీలోంచి చూసి ఉలిక్కిపడింది. రోడ్డు పక్కన ఎర్రటి మొరం గుట్ట మీద, ఆ గులకరాళ్ల నేలలో, తంగేడు విరగబూసి ఉంది. దానికి నీళ్లు పోసేవాళ్లెవరు?

"నేనే తిండి ఎక్కువ పెట్టి చెడగొట్టిన గదనే!"

"మరేంది? లేకలేక పుట్టిన పిల్ల లెక్క గారాబం జేస్తివి," అని నవ్వింది చెల్లెలు.

తిరిగొచ్చిన యాదమ్మ మొదళ్ల చుట్టూ ఎరువు మన్ను తోడేసి, పక్క వీధిలో పునాదికి తవ్వి పోసిన మొరం తెచ్చి పోసింది. నీళ్లు మానేసింది. ఎండాకాలంలో ఆకు రాలి పుల్లలు తేలాయి. వాకింగ్‌కి వచ్చినవాళ్లు చచ్చాయన్నారు. ఆమె గోటితో బెరడు గీరి చూసింది. లోపల పచ్చగా ఉంది. తొలకరికి ముందు మోకాలెత్తుకు కత్తిరించి, మధ్యలో గునుగుపూల విత్తనం చల్లి, చేతులు కట్టుకుని కూర్చుంది. నీళ్లు పోయకుండా ఉండటమే ఆమెకు అన్నిటికన్నా కష్టమైన పని.

భాద్రపదంలో మొగ్గ తొడిగింది. పండుగ తొలిరోజు ఎంగిలిపూల బతుకమ్మ నాటికి ఆ మూలంతా పసుపు ఆరబోసినట్టుంది, నడుమ గునుగు తెల్లగా తలలూపుతోంది. ఆడవాళ్లు పళ్లేలతో వచ్చి పడ్డారు. అందరికంటే ముందు సాంబమూర్తి భార్య సీతామహాలక్ష్మి.

"అయ్యో, కొమ్మ ఇరవకుండ్రమ్మా! కత్తెర పట్టుండ్రి. కింది మొగ్గలు రేపటోళ్లకు," అని యాదమ్మ అందరినీ అదిలించింది.

సాంబమూర్తి గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"లాన్ ఎప్పుడేపిస్తరు సారూ?"

"ఇంకా లానేంటమ్మా! ఆ రెండో మూల కూడా మీదే. ఏం కావాలో చెప్పండి."

"ఎరువు మాత్రం వద్దు," అంది యాదమ్మ. "ఒక ట్రాక్టర్ మొరం తోలియ్యుండ్రి."