జీపు కింది ఇనపరేకు

మా మరిది నా చేనికి పోయే దారిలో రాయి పాతినాడు. నేల మీదికి గుప్పెడే కనపడే రాయి. దాని మీదికి పోతే నా జీపు ఇంజను కింది ఆయిల్ చాంబర్ పగిలి, నల్లరేగడి మీద నూనె నెత్తురు మాదిరి కారింది. మా ఆయన పోయినాక చేను చూసుకునేది నేనే, జీపు తోలేదీ నేనే. ఆ దారి మూసుకుంటే నా చేను బీడే. చేతికందిన రాయి విసిరితే వాని కనుబొమ్మ చిట్లింది. వాడు నా జుట్టు పట్టుకున్నాడు. జనం వచ్చి విడిపించినారు.

పెద్దలు మమ్మల్ని ఒట్టు కోసం కళుగుమలై గుడికి తీసకపోయినారు. మా మరిది గుడి ముందర వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, "నా పెండ్లాం మీద ఒట్టు, నేను ఏ రాయీ పాతలేదు" అన్నాడు. పక్కనే ఉన్న నా తోడికోడలు తల వంచుకుంది. ఒట్టు పెట్టినాక మా ఊర్లో ఇంక మాట ఉండదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాడు తాడిని తంతే నేను వాని తల తన్నే రకం. విరుదునగరు పాత ఇనపంగట్లో మందపాటి రేకు కొనుక్కుని, చాంబర్ బాగుచేయించిన జీపుతో కోవిల్‌పట్టి వెల్డింగ్ షాపుకు పోతిని. జీపు కింద పడుకుని అట్టముక్కతో కొలత తీసి రేకు కోయించినాను. రాయి తగిలితే జారిపోవాలని ముందరి అంచు పైకి వంచమన్నాను. వెల్డింగ్ పెట్టేస్తామన్నారు. వద్దు, బోల్టులే పెట్టండి అన్నాను. వానొస్తే రేగడిమట్టి రేకుకూ ఇంజనుకూ మధ్య కూరుకుపోయి బండి వేడెక్కి చస్తుంది, ఊడదీసి గీకాల. బిగించినాక వాని కండ్ల ముందరే ఆ రాయి మీద తోలినాను. ఠంగుమంది. వెనక్కి తీసి మళ్ళీ తోలినాను. వాడు పండ్లు కొరికినాడు. నా కడుపు చల్లబడింది. ఆ తర్వాత దారిలో రాళ్ళు ఇంకా ఎక్కువైనాయి.

దీపావళి వచ్చే ఐప్పసి నెల వానకు దారి నీళ్ళలో మునిగింది. చేలో రేకు ఊడదీసి మట్టి గీకుతుంటే మరిది పరిగెత్తుకుంటా వచ్చినాడు, చొక్కా అంతా నెత్తురు.

"వదినా, ఎద్దు దాన్ని పొడిచింది. తొడ చీరేసింది."

వాని పెండ్లాన్ని. చీర చించి తొడకు బిగించి జీపులో పడుకోబెట్టినాము. బట్ట తడిసిపోతానే ఉంది.

"రేకు బిగించేంత పొద్దు లేదు," అన్నాను. "చాంబర్ పగిలితే నడిదారిలో నిలిచిపోతాం. నీ పెండ్లాం ఆడనే పోతుంది. రాళ్ళు యాడుండాయో నీళ్ళలో నాకు కనపడదు."

వాడు జీపు ముందర నీళ్ళలోకి దిగినాడు. తడుముకోలేదు. నేరుగా పోయి వంగి, ఒక రాయి పెరికి గట్టు మీదికి విసిరినాడు. ఇంకాస్త ముందుకు పోయి ఇంకొకటి. గోర్లు చిట్లి నెత్తురు కారుతున్నా ఆగలేదు. నేను వెనకే తోలినాను. నా తోడికోడలు తలెత్తి చూస్తానే ఉంది.

ఆసుపత్రిలో కుట్లు వేసి, గండం గడిచిందని డాక్టరమ్మ చెప్పినాక, అంతదాకా అణుచుకున్న కోపమంతా నా చేతిలోకి వచ్చింది. వార్డులోనే వాని చెంప పగలగొట్టినాను. వాడు అట్లే నిలబడినాడు.

మంచం మీది నుంచి తోడికోడలు సన్నగా అనింది: "అక్కా, నా మీద పెట్టిన దొంగ ఒట్టుకు ఇంకొకటి వెయ్యి."