కాల్వలో విడిచిన పేరు

ఈ ఉదయం సమాధుల పండుగకు కోదాడ నుంచి నేరేడుచర్ల వెళ్లి అమ్మమ్మ, తాతల సమాధులకు సున్నం వేస్తుంటే, మా పాప, తాత సిలువ మీద రంగు పెచ్చులూడిన చోట అక్షరాలు కూడబలుక్కుని, యోహాను కింద ఉన్న ఈ ముత్తయ్య ఎవరని అడిగింది. ఇద్దరూ ఒకరే, నీకు ముత్తాత అని చెప్పాను. ఇంట్లో మేము ఎప్పుడో అనుకున్న మాటలు విన్నట్టుంది, "అయితే ఆయన పరలోకంల గూడ తాతమ్మను కొడ్తడా?" అంది. ఆ భయం దీనిదాకా ఎలా వచ్చిందా అనుకుంటూ సున్నం కుంచె పక్కన పెట్టాను.

ఈ ప్రశ్న మా అమ్మమ్మది. తాత రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు, తాగి వచ్చిన సాయంత్రాలు అమ్మమ్మ గిన్నె చప్పుడు కానిచ్చేది కాదు. ఆఖరి ఏడాది జబ్బుపడి తాగుడు మానేసి, సాగర్ కాల్వలో బాప్తిస్మం తీసుకున్నాడు. మావాళ్లలో అప్పుడు కొత్త పేరు పెట్టడం ఆనవాయితీ కాబట్టి ముత్తయ్యగా మునిగి యోహానుగా లేచాడు. తడిబట్టలతోనే గట్టెక్కి అమ్మమ్మ కాళ్లు పట్టుకున్నాడు. ఆమె లేవదీసింది.

ఆయన పోయాక సిలువ మీద పేరు రాసిన పెయింటర్ మిల్లు రోజుల నుంచి ఎరిగినవాడు, అలవాటుకొద్దీ ముత్తయ్య అనే రాశాడు. సమాధి దగ్గర ప్రార్థనకు వెళ్లిన రోజు అది చూసి అమ్మమ్మ ఆగిపోయింది. "ఊరోళ్లు గుర్తువట్టొద్దానే అమ్మా, యోహానంటే ఎవలికెరుక?" అన్నాడు మామయ్య. ఆమె అతన్ని వదిలి పాస్టరుగారి వైపు తిరిగింది.

"అయ్యగారూ, నేను మాఫ్ జేసిన, మనసుల ఏం బెట్టుకోలే. గాని పోయినంక మళ్ళ ఈనెతోనే ఉండుమంటే నాతోని గాదు. గాడ గూడ నేనే వండిపెట్టాల్నా?"

వెనక ఎవరో నవ్వారు. పాస్టరుగారు నవ్వలేదు, ఆమె పక్కనే మట్టిలో కూర్చున్నారు. "అక్కడ మొగుడూ పెళ్లాలు ఉండరమ్మా. అక్కడ కనబడేటాయన నిన్ను కొట్టిన మనిషి కాడు. నువ్వు గూడ భయపడే మనిషివి కావు."

"భయం లేకుంట నేనెట్లుంటనో నాకే ఎరుకలేదయ్యా," అని అమ్మమ్మ నవ్వింది. తర్వాత మామయ్యతో, "ముత్తయ్యను కాల్వల్నే ఇడిసొచ్చిండు గదరా, మళ్ళెందుకు తోల్కొస్తవు? తుడిపియ్యి," అంది. ఆ ఏడాది నుంచే ఆమె వంటింట్లో గిన్నెలు మోగాయి, పనులు చేసుకుంటూ పాడుకోవడమూ అప్పుడే విన్నాం.

పాపకు అదంతా బస్సులో చెప్పాను. "మరి ఆళ్లిద్దరు ఒకల్నొకలు గుర్తువడ్తరా?" అంది. పడతారు, కానీ భయపడరు అన్నాను. ఆ మాటతో దానికి నిద్ర పట్టింది, నాకూ గుండె నిమ్మళించింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, కాల్వకు నీళ్లు వదిలారంటే బాప్తిస్మాల కబురు కూడా వచ్చేది. ఇప్పుడు గుడిలోనే టైల్స్ తొట్టి ఉంది, పిల్లలకు పుట్టుకతో పెట్టిన పేరే చివరిదాకా. దేవుడికి ఏ నీళ్లయినా ఒకటే, తెలుసు. నాకే ఆ పారే నీళ్ల మీద బెంగ: మనిషి విడిచినదాన్ని వెంటనే, కళ్లముందే, దూరంగా తీసుకుపోయేవి.