కృష్ణవేణి కారు చూపులు

కృష్ణవేణికి కారు కావాలి. అందమైన కారు కాదు, ఊరికే కారు. నాలుగు చక్రాలుండి, తాళం తిప్పితే కదిలేది. ఈ చిన్న ముక్క ఆక్లాండ్ శివారు టకానినిలోని ఆ ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కకపోవడంతోనే తంటా అంతా వచ్చింది.

ఆమె పదహారేళ్ళ కిందట తెనాలి నుంచి వచ్చింది. అక్కడ ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. ఇక్కడ ముందు పళ్ళ ప్యాకింగు, తర్వాత ఆఫీసులు తుడవడం, ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మనురేవాలో ఒక రెస్ట్ హోమ్ వంటింట్లో పని. పొద్దున్నే పెద్ద గిన్నెలో ఓట్స్ జావ కలపడం ఆమెకు ఏనాడూ నచ్చలేదు. నచ్చిందల్లా ట్రే పట్టుకుని ముసలివాళ్ళ గదులకు వెళ్ళడం. వాళ్ళు చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చోమనేవారు. కూర్చుందామనుకునేలోపే వంటింట్లోంచి కేక వినబడేది. ఇలా కాదని, ఏడాదిన్నరపాటు డైనింగ్ టేబుల్ దగ్గర కుస్తీ పట్టి, వృద్ధులకు వాళ్ళ ఇళ్ళలోనే సాయం చేసే పనికి సర్టిఫికెట్ సంపాదించింది. డ్రైవింగ్ టెస్ట్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కింది. చివరికి ఒక సంస్థ వాళ్ళు పాపకూరా వైపు ఏడిళ్ళు ఆమెకు ఇస్తామన్నారు. స్నానం చేయించడం, టిఫిన్ పెట్టడం, మందులు వేసుకున్నారో లేదో చూడడం. కూర్చోమంటే కాసేపు కూర్చోవచ్చు, ఎవరూ కేకెయ్యరు. షరతు ఒక్కటే, సొంత కారుండాలి. అక్కడ పనులు పంచే ఆష్లిన్ అనే ఫిజీ అమ్మాయి నాలుగు వారాలు గడువిచ్చింది.

"కారు సంగతి నాకొదిలెయ్ వేణీ," అన్నాడు భర్త పాండురంగ.

వదిలేసింది. ఆమె చేసిన తప్పు అదే.

పాండురంగ ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు. మంచి మనిషి, కాదనడానికి లేదు. తొమ్మిదేళ్ళుగా పొద్దున అయిదున్నరకు లేచి ఆమెను స్టేషన్ దగ్గర దింపుతున్నాడు, ఒక్కరోజు విసుక్కున్నది లేదు. కానీ కార్ల దగ్గరికొచ్చేసరికి అతనికి ఒక పిచ్చి ఉంది. ప్రతి బండికీ ముఖం కనిపిస్తుంది. లైట్లు కళ్ళు, మధ్యలో కంపెనీ గుర్తు ముక్కు, కింద జాలీ నోరు. ఆ ముఖం నచ్చకపోతే ఇంజను బంగారంతో చేసినా సరే, ఆ బండి గుమ్మం తొక్కడానికి వీల్లేదు.

ఇతనొక్కడే అయితే ఎలాగో నెగ్గుకొచ్చేది. ఆల్బనీలో మరిది లోకేశ్ ఉన్నాడు. ఆక్లాండ్‌లో వీళ్ళ బంధువులూ స్నేహితులూ ఎవరు బండి కొన్నా ముందు లోకేశ్ వచ్చి చూడాలి, చూసి తలూపాలి. అతను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బానెట్ ఎత్తితే ఏది ఏమిటో చెప్పలేడు. కార్ల గురించి రోజుకు రెండు వీడియోలు చూస్తాడు, అదే అతని అర్హత. పైగా శనివారం తప్ప తీరదు. ఆదివారం పిల్లల క్లాసులు.

మొదటి శనివారం టొయోటా ఆక్వా చూశారు. తెల్లది, శుభ్రంగా ఉంది, పెట్రోలు తక్కువ తాగుతుంది. పాండురంగకు విచిత్రంగా నచ్చింది. లోకేశ్ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కళ్ళు చూడన్నయ్యా. ఇప్పుడే నిద్రలేచినట్టు లేవూ? టొయోటా వాళ్ళు డిజైన్ అంటే ఏంటో మర్చిపోయారు."

"ఊబర్‌లా ఉంది," అంది పదిహేనేళ్ళ కూతురు సిరి, ఫోన్‌లోంచి తలెత్తకుండా. "స్కూల్ దగ్గర దిగితే ఫ్రెండ్స్ రేటింగ్ ఎంత ఇచ్చావు అంటారు. ప్లీజ్ మమ్మీ, నో."

"స్కూలుకి నువ్వు నడిచి వెళ్తావుగా సిరీ," అంది కృష్ణవేణి.

ఎవరూ వినిపించుకోలేదు. అన్నదమ్ములిద్దరూ దారంతా టొయోటా కళ్ళ గురించి వాదించుకుంటూనే ఉన్నారు. పాండురంగకు కూడా ఇల్లు చేరేసరికి ఆ కళ్ళు మత్తుగా కనబడడం మొదలైంది. వెనకసీట్లో కృష్ణవేణికి తెనాలిలో తన పెళ్ళిచూపులు గుర్తొచ్చాయి. ముక్కు కొంచెం వెడల్పని ఒకళ్ళు, రంగు కొంచెం తక్కువని ఇంకొకళ్ళు వంక పెట్టి వెళ్ళారు. వచ్చినవాళ్ళు ఆమెకు లెక్కలు వచ్చా అని ఒక్కసారైనా అడిగారా? ఆ బండి మీద ఆమెకు జాలేసింది.

రెండో శనివారం హోండా ఫిట్. ఈసారి లోకేశ్ మురిసిపోయాడు. పాండురంగ మూతి ముడిచాడు.

"ముక్కు లేదురా దీనికి. ముందు భాగం చెక్కేసినట్టుంది. బండన్నాక ముక్కుండాలి."

"ఇప్పటి స్టైల్ అదే అన్నయ్యా. నువ్వు మెచ్చే మాజ్దాలు చూడు, అన్నిటికీ ఒకటే ముఖం. కవల పిల్లల్లా, ఏది ఏదో పేరు చదివితే గానీ తెలీదు."

"మాజ్దాని ఏమన్నా అంటే ఊరుకోను."

అమ్మే కుర్రాడు పాపం చలిలో జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. భాష తెలియదు గానీ తన బండిని తిడుతున్నారని మాత్రం అర్థమైంది. మూడు గంటల చర్చ తర్వాత పాండురంగ మెత్తబడ్డాడు. కృష్ణవేణి ఫోన్ తీసి డబ్బు పంపబోయింది.

"ఇవాళ శనివారం," అన్నాడు పాండురంగ. "శనివారం ఇనుము కొంటామా? రేపు పొద్దున్నే పంపుదాం."

"కనీసం అడ్వాన్సన్నా ఇద్దామండీ."

"అడ్వాన్సు ఇస్తే కొన్నట్టేగా."

చూడ్డానికి శనివారం తప్ప కుదరదు, కొనడానికి శనివారం పనికిరాదు. ఈ లెక్క ఎలా తేలుతుందో లెక్కల టీచరుకే అంతుచిక్కలేదు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేస్తే, శనివారం సాయంత్రమే ఎవరో వచ్చి పట్టుకెళ్ళారని ఆ కుర్రాడు చెప్పాడు. ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

మూడో శనివారం బండి చూపులే లేవు. స్నేహితుల పాప పుట్టినరోజు, కమ్యూనిటీ హాల్లో. మగవాళ్ళంతా బయట బార్బెక్యూ చుట్టూ చేరారు. పాండురంగ కారు వెతుకుతున్నాడని తెలిసిన మరుక్షణం అందరికీ పూనకం వచ్చినట్టయింది. వెల్లింగ్టన్ నుంచి వచ్చిన హర్షవర్ధన్, కొత్త బీఎమ్‌డబ్ల్యూల ముక్కుపుటాలు చూస్తే తనకు గేదె రంకె వినబడుతుందన్నాడు. ఆ బండే నడుపుతున్న తరుణ్ ఒంటికాలి మీద లేచాడు. టెస్లాకి నోరే లేదని ఒకరు, నోరు లేకపోవడమే అందమని టెస్లా ఉన్న లోకేశ్. నిస్సాన్ జూక్ కప్ప అని ఒకరంటే, కప్పే ముద్దుగా ఉంటుందని ఇంకొకరు. ఏ ఇద్దరి మాటా కలవలేదు. ఒకరు వికారమన్నదాన్ని పక్కవాడు కళ్ళకద్దుకున్నాడు. గంటన్నర గడిచింది, చికెన్ మాడింది.

కృష్ణవేణి గారెల పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చింది. "ఏవండీ, పక్క వీధిలోనే ఒక మాజ్దా ఉందట. పది నిమిషాల్లో చూసొచ్చేద్దాం. మీకిష్టమైన మాజ్దానే."

"ఆగు వేణీ," అన్నాడు పాండురంగ, ఆమె వైపు చూడకుండానే గారె అందుకుని. "ఇక్కడ ముఖ్యమైన సంగతి నడుస్తోంది."

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖంతో కాదు, ఒళ్ళు మండి.

గురువారం మధ్యాహ్నం ఆష్లిన్ ఫోన్ చేసింది. పిల్ల మర్యాదగానే మాట్లాడింది. సోమవారం పొద్దున మొదటి ఇంటికి మనిషి వెళ్ళాలని, కారున్న ఇంకొకావిడ సిద్ధంగా ఉందని, ఇక ఆపడం తన చేతుల్లో లేదని చెప్పింది. "కారు దొరికిందా ఆంటీ?" అని అడిగింది.

"దొరికింది," అంది కృష్ణవేణి. జీవితంలో ఇంత తడుముకోకుండా అబద్ధమాడడం ఆమెకు అదే మొదటిసారి.

నాలుగో శనివారం లోకేశ్ రాలేదు, పిల్లాడి ఈత పోటీలు. "అయితే వచ్చే వారం చూద్దాంలే," అన్నాడు పాండురంగ, టీవీ ముందు కాళ్ళు చాపుకుని. సోమవారం ఆఖరని ఆమె నాలుగుసార్లు చెప్పింది. "అడిగితే ఇంకో వారం ఇస్తార్లే," అన్నాడు. కృష్ణవేణి జాకెట్ వేసుకుని, పాలకని చెప్పి బయటపడింది.

పాల కోసమే వెళ్ళింది కూడా. మూలమీదున్న డెయిరీ అనే చిల్లరకొట్లో పాల డబ్బా తీసుకుని వస్తుంటే, కిటికీకి అంటించిన కాగితాల్లో ఒకటి కనబడింది. కారు అమ్మకానికి అని చేత్తో రాసుంది. చిరునామా రెండు వీధుల అవతలే.

తలుపు తీసిన ముసలావిడ పేరు భగవతి. ఫిజీ నుంచి వచ్చినావిడ, ముత్తాతలు తెలుగువాళ్ళు. ఆవిడకు మిగిలిన తెలుగు పదో పన్నెండో మాటలు, అవి కూడా పట్టి పట్టి పలికింది. కంటిచూపు తగ్గిందని డాక్టరు డ్రైవింగ్ మాన్పించాడట. షెడ్డు తలుపు ఎత్తింది.

లోపలున్నది నిస్సాన్ క్యూబ్. పేరుకు తగ్గట్టే ఉంది. బియ్యం డబ్బాకి చక్రాలు పెట్టినట్టు, ఏ మూల నుంచి చూసినా నలుపలకలు. వెనకవైపు అద్దం ఒక పక్కకే తిరిగి ఉంది, రెండో పక్క ఉత్త రేకు. కృష్ణవేణికి కూడా అది అందంగా కనబడలేదు. ఆ మాట నిజం.

"బండి... బాగు లేదు," అంది భగవతి, నవ్వి. తర్వాత ఇంగ్లీషులోకి దిగింది. "అందరూ నవ్వారు. పదకొండేళ్ళు నడిపాను. ఆ హోండాల కంటే నయమే."

ఇక్కడ కూడానా అనుకుంది కృష్ణవేణి. కానీ ఎక్కి కూర్చున్నాక మాట్లాడలేదు. సీటు సోఫాలా ఉంది. కప్పు ఎత్తుగా ఉంది. ముందు రెండు మూలలూ స్పష్టంగా కనబడుతున్నాయి. తాళం తిప్పగానే డాష్‌బోర్డులోంచి జపాను భాషలో ఒక ఆడగొంతు ఏదో మర్యాదగా పలకరించింది. పాపకూరా దాకా వెళ్ళి వచ్చింది. ఎక్కడా గుండె దడదడలాడలేదు. బండి రోడ్డుకి పనికొస్తుందని ఇచ్చే వారెంట్ కూడా మొన్ననే చేయించారు.

అంతా బాగానే ఉంది. అప్పుడే అలవాటు కొద్దీ ఫొటో తీసి ఇంటి గ్రూపులో పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. ఈతకొలను గట్టు మీద నుంచి లోకేశ్ జవాబు రెప్పపాటులో వచ్చింది. 'వదినా, అది కారు కాదు, ఫ్రిజ్.' సిరి ఏడుపు ముఖాలు ఆరు పెట్టింది. పాండురంగ ఏకంగా ఫోన్ చేశాడు.

"పాలకని వెళ్ళి ఇదేంటి వేణీ? ఇన్ని చూసి చూసి చివరికి దీన్నా? పైగా శనివారం. చెయ్యి పెట్టకు, నేను చెప్తున్నా."

శనివారం మాటకు ఆమె నిజంగానే ఆగింది. ఆ పట్టింపు ఆమెకూ ఉంది. పుట్టినప్పటి నుంచి విన్నది ఒక్క పూటలో పోదు. కానీ సోమవారం ఇంకా పెద్దగా కనబడింది. ఫోన్ పెట్టేసి డబ్బు పంపింది. పేరు మార్పు కూడా భగవతి వంటింట్లోనే కూర్చుని ఫోన్‌లో పూర్తి చేసింది.

ఇంటి ముందు బండి ఆపేసరికి పాండురంగ బయటే ఉన్నాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనకద్దం దగ్గర ఆగాడు. శనివారం మాట కూడా ఎత్తలేదు.

"అయితే సోమవారం నుంచి నేను అయిదున్నరకి లేవక్కర్లేదన్నమాట," అన్నాడు.

ఆ మాట అతను సంతోషంగా అనలేదు. ఇరవయ్యేళ్ళు కాపురం చేసిన మనిషి గొంతు ఆమెకు తెలుసు. పాల డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. టొయోటా కళ్ళు, హోండా ముక్కు, హాలు బయట నడిచిన ముఖ్యమైన సంగతి, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. స్టేషన్‌కి పన్నెండు నిమిషాలు. సిరి చదువూ, ఊళ్ళో పెద్దవాళ్ళ అనారోగ్యాలూ, ఇల్లు కొనడమూ, అన్నీ ఆ పన్నెండు నిమిషాల్లోనే మాట్లాడుకున్నారు. ఇంట్లో ఎప్పుడూ ఎవరి ఫోన్ వాళ్ళదే.

జాలి వచ్చింది. దాని వెనకే కోపం ఇంకా వేగంగా వచ్చింది.

"బెంగగా ఉందని నోరు తెరిచి చెప్పొచ్చుగా," అంది. "ఒక పూట కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. అది చెప్పకుండా హోండాకి ముక్కు లేదంటే నాకెలా తెలుస్తుందండీ? ఇవాళ ఇది దొరక్కపోతే నా పని పోయేది. తెలుసా మీకు?"

"కావాలని చెయ్యలేదు వేణీ." పాండురంగ నేల చూశాడు. "ఒట్టు. అన్నీ నిజంగానే బాగాలేవనిపించింది."

అదే ఆమెను మరీ మండించింది. అబద్ధమైతే తిట్టి ఊరుకునేది. తన మనసులో ఏముందో తనకే తెలియని మనిషిని ఏమని తిట్టాలి? తెలియకుండానే నాలుగు వారాలు అడ్డం పడ్డాడు. ఆ నాలుగు వారాలూ ఆమె నిద్ర లేకుండా గడిపింది.

"సోమవారం ఏడున్నరకి నా మొదటి ఇల్లు. మీరు హాయిగా పడుకోండి," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆదివారమంతా ముక్తసరిగానే మాట్లాడింది.

సోమవారం ఆమె లేచేసరికి వంటింట్లో లైటు వెలుగుతోంది. టీ పెట్టి ఉంది. తాగింది. తాళాలు తీసుకుని బయటికి వస్తే, పాండురంగ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అతని డ్యూటీ తొమ్మిదింటికి. అయినా జాకెట్ వేసుకున్నాడు, షూ లేసులు కట్టుకున్నాడు, అంత పొద్దున ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేదు.

"అలవాటు," అన్నాడు, ఆమె తన షూల వైపు చూడడం గమనించి.

కృష్ణవేణికి కోపం ఇంకా చల్లారలేదు. బండెక్కి బెల్టు పెట్టుకుని రోడ్డు మీదికి తీసింది. మలుపు దగ్గర అద్దంలోకి చూస్తే, అతను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.